ప్రేమ సరే, ఫైలేదమ్మా?

మొన్న ఫోన్లో ఎంత హుషారుగా చెప్పుకొచ్చావే! ఊరి బయట ఎకరం నేల చూశానన్నావు, రేకుల షెడ్డుకి కొటేషన్ తెప్పించానన్నావు, మూడు కాళ్ళ కుక్కకీ చూపు పోయిన ముసలావుకీ అప్పుడే పేర్లు కూడా పెట్టేశానన్నావు. అన్నీ విన్నాను చెల్లీ, సంతోషమే. కానీ అంతసేపట్లో రిజిస్ట్రేషన్ అన్న మాట నీ నోట రాలేదు. ఈసారి ముచ్చట్లు రాసే వంతు ఎలాగూ నాదే కాబట్టి, నీకు చెప్పాల్సింది ఇక్కడే చెప్పేస్తాను. నీలాంటి చెల్లెళ్ళు ఇంకెందరో ఉంటారు, వాళ్ళూ వింటారు.

నేను షెల్టర్లో పనిచేస్తానంటే రోజంతా కుక్కపిల్లలకి పాలు పడుతూ కూర్చుంటాననుకుంటారు జనం. గాయాలకి కట్లు కట్టేవాళ్ళు వేరే ఉన్నారు, నేను ఫైళ్ళకి ట్యాగులు కట్టేదాన్ని. నేను చూసినంతలో జంతువుల మీద ప్రేమ తగ్గి మూతపడిన షెల్టర్ ఒక్కటీ లేదు. లీజు కాగితం లేక, లెక్కల పుస్తకం లేక, నడిపే మనిషి మంచాన పడితే చెక్కు మీద సంతకం పెట్టే ఇంకో మనిషి లేక మూతపడ్డవే అన్నీ.

ముందు సంస్థ సంగతి చూద్దాం. ట్రస్టయితే ఇద్దరు చాలు, డీడ్ రాసుకుని సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించుకోవచ్చు. సొసైటీ అయితే మన రెండు రాష్ట్రాల్లోనూ 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టమే, కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సెక్షన్ 8 కంపెనీ అని మూడో దారి ఉంది గానీ, ఏటా దాఖలు చేసే కాగితాలకీ వాటి ఫీజులకీ తట్టుకోవాలి, మొదట్లోనే దాని జోలికెళ్ళకు. నన్నడిగితే సొసైటీయే మేలు. ట్రస్టు తేలికే, కాకపోతే తొందరగా ఇంటి వ్యవహారమైపోతుంది. భార్య మేనేజింగ్ ట్రస్టీ, భర్త ట్రస్టీ, ఇద్దరికీ మాటలు లేని రోజున పశువులకి దాణా ఉండదు. అలాగని ఏడుగురు దొరకలేదని మరిది పేరూ తోటికోడలి పేరూ రాసేసి ఊరుకోకు. ఏటా సర్వసభ్య సమావేశం జరగాలి, మినిట్స్ పుస్తకంలో వాళ్ళ సంతకాలు పడాలి, కార్యవర్గం జాబితా జిల్లా రిజిస్ట్రార్‌కి అందాలి. పేరుకే ఉన్న సభ్యులతో ఇవన్నీ ఎక్కడ జరుగుతాయి? నాలుగేళ్ళకోసారి పాత తేదీలేసి మినిట్స్ రాసుకునే సంస్థలు నాకు తెలుసు. ఆ ఇంకు రంగు చూస్తేనే పట్టుకుంటాడు ఆడిటర్.

బైలా విషయంలో ఒక్క మాట. వేరే సంస్థది తెచ్చి పేరు మార్చి టైపు కొట్టించకు. ‘సంస్థ మూసేయాల్సి వస్తే ఆస్తులు ఇదే ఆశయమున్న ఇంకో సంస్థకి చెందుతాయి’ అన్న వాక్యం అన్నింట్లోనూ ఉంటుంది, పన్ను వాళ్ళు అడుగుతారు కాబట్టి. జంతువులు ఎక్కడికి పోవాలో మాత్రం ఎవరూ రాయరు. నువ్వు రాయించు. ఏ సంస్థని అడగాలి, ఎవరు నిర్ణయించాలి, అప్పటిదాకా తిండి ఖర్చు ఏ ఫిక్సెడ్ డిపాజిట్ మీద వడ్డీతో పెట్టాలి, అన్నీ.

ఇక ఆ ఎకరం నేల. ఓనరు మంచాయన, పదకొండు నెలల అగ్రిమెంటు చాలన్నాడు, అంతేగా? ఇల్లు అద్దెకి తీసుకునే అలవాటులో అందరం అదే రాసుకుంటాం. ఏడాది దాటిన లీజైతే రిజిస్టర్ చేయించి తీరాలి, ఆ ఖర్చు తప్పించుకోవడానికే ఈ పదకొండు నెలలు. మనుషులైతే సామాను ఆటోలో వేసుకుని ఇంకో ఇల్లు చూసుకుంటారు. నడుం విరిగిన కుక్కల్ని, కాళ్ళు లేవని గేదెల్ని వేసుకుని నువ్వెక్కడికి పోతావు? ఆ పక్కన వెంచర్ పడి గజం రేటు పెరిగిన రోజున మంచి ఓనరు కూడా ఓనరే. పదేళ్ళకో పదిహేనేళ్ళకో లీజు రాయించుకుని, స్టాంపు డ్యూటీ కట్టి, రిజిస్టర్ చేయించు. ఆ నేల నీదే అయి నీ సొసైటీకే అద్దెకిచ్చావనుకో, ఊళ్ళో నడిచే రేటుకి మించి తీసుకోకు. నడిపేవాళ్ళే లాభం తింటున్నారన్న అనుమానం వస్తే పన్ను మినహాయింపుకే ఎసరు. పంచాయతీ కార్యదర్శిని కలిసి, అర్జీ ఇచ్చి, ముద్ర వేసిన నకలు దగ్గర పెట్టుకో. అరుపులనీ వాసననీ పక్కవాళ్ళు ఎప్పుడో ఒకనాడు ఫిర్యాదు చేస్తారు. పబ్లిక్ న్యూసెన్స్ కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ నోటీసిస్తే, ‘మేం ఫలానా తేదీ నుంచి పంచాయతీకి తెలిపే నడుపుతున్నాం’ అని చూపించడానికి ఆ ముద్రే ఆధారం.

డబ్బు దగ్గరికొద్దాం. కుక్క ఫొటో పెట్టి కింద నీ సొంత నంబరు క్యూఆర్ కోడ్ పెట్టావట, చిన్న తమ్ముడు చెప్పాడు. ఈ సాయంత్రమే తీసెయ్. అభిమానంతో వేసే ఐదొందలూ వెయ్యీ నీ ఖాతాలో పడితే, చట్టం కళ్ళకి అది నీ డబ్బు. నీ జీతం, నీ కూరగాయల ఖర్చు, ఆవు సెలైన్ ఖర్చు ఒకే పాస్‌బుక్కులో కలిసిపోయాక ఏ సీఏ వచ్చినా విడదీయలేడు. ఇవాళ మెచ్చుకున్నవాళ్ళే రేపు ‘మా డబ్బేం చేసింది?’ అని కామెంట్లు పెడతారు. అప్పుడు నీ నిజాయితీకి సాక్ష్యం బ్యాంకు స్టేట్‌మెంట్ ఒక్కటే.

సొసైటీ పేరున పాన్, ఖాతా అయ్యాక 12ఏ, 80జి తీసుకోవాలి. మొదటిది నీ సంస్థకి పన్ను లేకుండా, రెండోది నీకిచ్చిన దాతకి పన్ను తగ్గేలా. 2021 నుంచి ఇవి ఒకసారి తీసుకుంటే జన్మంతా ఉండేవి కావు. మొదట తాత్కాలికంగా ఇస్తారు, తర్వాత గడువు లోపల మళ్ళీ దరఖాస్తు పెట్టుకోవాలి. కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కాబట్టి సెక్షన్ నంబర్లు వేరు, బట్టీ పట్టకు. జనం నోట మాత్రం 80జి అనే ఉంటుందిలే. నువ్వు గుర్తుంచుకోవాల్సినవి కొన్నే. రెండు వేలు దాటిన నగదు విరాళానికి దాతకి మినహాయింపు రాదు. వచ్చిన రాబడిలో 85 శాతం ఆశయానికి ఖర్చయినట్టు చూపాలి, మిగుల్చుకోవాలంటే దేనికోసమో ముందే చెప్పాలి. పేరు చెప్పకుండా హుండీలో వేసిన డబ్బు పరిమితి దాటితే దాని మీద 30 శాతం పన్ను.

ఇంకోటుంది, ఇది ఎవరూ చెప్పరు. జంతు సంరక్షణ సాధారణంగా ‘సర్వజనోపయోగం’ అన్న పద్దు కింద పడుతుంది. ఆ పద్దులో ఉన్న సంస్థకి వ్యాపారం లాంటి రాబడి మొత్తంలో 20 శాతం దాటకూడదు. ఖర్చులకి ఆసరాగా ఉంటుందని ఊరెళ్ళేవాళ్ళ కుక్కల్ని రోజుకింత అని పెట్టుకునే హాస్టల్ పెట్టాలనుకున్నావు చూడు, అది బాగా నడిస్తేనే చిక్కు!

డాలస్‌లో ఉన్న పిన్ని కూతురు డబ్బు పంపుతానందని మురిసిపోకు. దాని చేతిలో ఇంకా మన పాస్‌పోర్టే ఉంటే, తన సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉంటే అది విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) అనుమతి లేకుండా పైసా ముట్టుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కి సంస్థ మూడేళ్ళు నడిచి ఉండాలి, ఆ మూడేళ్ళలో కనీసం 15 లక్షలు ఆశయం మీద ఖర్చు చేసి ఉండాలి. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట న్యూఢిల్లీ స్టేట్ బ్యాంక్ మెయిన్ బ్రాంచిలోనే పడాలి, అందులో ఆఫీసు ఖర్చులకి 20 శాతం మించి వాడకూడదు. కాబట్టి చెల్లెలి పాస్‌పోర్టు సంగతి అడగడం మొహమాటమనుకోకు.

ఇప్పుడు అసలైన ముచ్చట. పట్టుబడిన పశువుల సంగతి నువ్వు ఊహించలేవు, అందుకే వివరంగా చెప్తున్నాను.

రాత్రి పదకొండింటికి ఎస్సైగారి ఫోన్ వస్తుంది. సంత నుంచి కబేళాకి పోతున్న లారీ పట్టుకున్నాం, మీ దగ్గర దించుకుంటారా అని. 1978 రవాణా నిబంధనల ప్రకారం గూడ్సు వాహనంలో ఆరు పశువులకి మించి ఎక్కించకూడదు. వచ్చిన లారీలో ఇరవైకి తక్కువుండవు, ఒకదాని మీద ఒకటి, కాళ్ళు తొక్కుకుని, కొమ్ములు విరిగి, తోకల ఎముకలు చిట్లి. చూడగానే నీకు కడుపు తరుక్కుపోతుంది, గేటు తీసేస్తావు. తియ్యి, కాదనను. నీళ్ళు పెట్టు, గడ్డి వెయ్యి. కానీ ఆ కానిస్టేబులు లారీ ఎక్కి వెళ్ళిపోయేలోపు కాగితం రాయించుకో. ఏ స్టేషను, ఏ కేసు, ఎన్ని ఎడ్లు, ఎన్ని ఆవులు, ఎన్ని దూడలు, రంగు, కొమ్ములు, దెబ్బలు, దించేటప్పటికే చచ్చిపోయినవెన్ని. రెండు కాపీలు, రెండింటి మీదా ఇద్దరి సంతకాలు.

ఎందుకంటే ఆ పశువులు నీవి కావే. కోర్టువి. కేసు తేలేదాకా అవి కేసు సొత్తు, పట్టుకున్న కత్తీ దొంగ సొమ్మూ ఎలాగో ఇవీ అలాగే. కాకపోతే ఈ సొత్తు గడ్డి తింటుంది, జబ్బు పడుతుంది, ఈనుతుంది, చస్తుంది. మర్నాడు లారీ ఓనరు వకీలుని వెంటబెట్టుకొచ్చి ‘నా ఎడ్లు ఇరవై నాలుగు, ఇక్కడ ఇరవై ఒకటే ఉన్నాయి, మూడు అమ్ముకున్నావా?’ అంటే నీ దగ్గర ఏముంది చూపించడానికి?

2017లో కేంద్రం వీటి కోసమే నిబంధనలు తెచ్చింది. పట్టుకున్నవాళ్ళు పశువైద్యాధికారితో ఆరోగ్య పరీక్ష చేయించాలి, ప్రతి పశువుకీ గుర్తు వేయించాలి. చెవికి పోగో, చిప్పో వేయచ్చు గానీ వాతలు పెట్టడానికి వీల్లేదు. చాలా వాటికి ఇప్పటికే పన్నెండంకెల పసుపు పోగు ఉంటుంది, పశు ఆధార్ అంటారు చూడు, ఆ నంబరు నోట్ చేసుకో. ఆ అంకెలు పేడ పట్టి కనబడవు. తడిగుడ్డతో తుడిచి, తల పట్టుకోవడానికి ఒకర్ని పెట్టి, టార్చి వేసి ఫొటో తియ్యాలి. ఆ పని మాత్రం తెల్లారేదాకా ఆగకు.

తర్వాత మేజిస్ట్రేట్ దగ్గర మధ్యంతర కస్టడీ ఆర్డరు. కేసు నడిచినన్నాళ్ళూ పశువులు ఫలానా గోశాలలోనో షెల్టర్లోనో ఉండాలని కోర్టు చెప్పిన కాగితమది. పోలీసులే చూసుకుంటారులే అని కూర్చుంటే ఓనరే ముందు అర్జీ పెట్టేసి విడిపించుకుపోతాడు. నీ వకీలు చేత నువ్వూ పెట్టించాలి. పోషణ ఖర్చు నిందితుడు భరించాలనీ, దానికి బాండు రాయాలనీ, లారీని కూడా పూచీగా ఉంచవచ్చనీ ఆ నిబంధనల్లోనే ఉంది. నేరం రుజువైతే పశువులు అతనికి తిరిగి పోవు. ఇవన్నీ అడిగితేనే వస్తాయి. ఊరికే చదివి సంతోషించడానికి కాదు. రోజువారీ రిజిస్టరు చూపించి, గడ్డి బిల్లులూ మందుల బిల్లులూ జతచేసి అడగాలి.

మొత్తం వ్యవహారంలో నాకు ఒళ్ళు మండేది ఎక్కడో చెప్పనా? 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద మొదటి నేరానికి జరిమానా పది రూపాయల నుంచి యాభై రూపాయలు. అవునే, నువ్వు సరిగ్గానే చదివావు. అరవయ్యేళ్ళు దాటినా ఆ యాభై మారలేదు. నిందితుడు నేరం ఒప్పుకుని యాభై కట్టి వెళ్ళిపోతాడు, ఒక ఎద్దుకి ఒక పూట గడ్డి కూడా రాదు దాంతో. ఎఫ్‌ఐఆర్‌లో ఆ ఒక్క చట్టమే ఉందా, రాష్ట్ర గోవధ నిషేధ చట్టం, మోటారు వాహనాల చట్టం, చంపడమో అంగవైకల్యం కలిగించడమో జరిగితే భారతీయ న్యాయ సంహితలోని 325 కూడా ఉన్నాయా అని మొదటి రోజే చూసుకోమనేది అందుకే. ఆ 325 కింద ఐదేళ్ళ దాకా జైలు. స్టేషన్ రైటరుతో మర్యాదగా మాట్లాడితే ఎఫ్‌ఐఆర్ నకలు ఇస్తాడు, ‘అన్నా’ అంటే ఇంకాస్త తొందరగా ఇస్తాడు.

ఇక చావు. దెబ్బలు తిన్న పశువుల్లో కొన్ని మొదటి వారంలోనే పోతాయి, నువ్వెంత చేసినా సరే. ఏడుస్తూ గొయ్యి తవ్వించేయకు. పశువైద్యాధికారికి కబురుపెట్టి పోస్ట్‌మార్టం చేయించు, చెవిపోగు జాగ్రత్త చేయి, స్టేషనుకి రాతపూర్వకంగా తెలియజేయి, కోర్టుకి మెమో వెయ్యి. ఈనినా అంతే, దూడ పుట్టిందని తెలపాలి. తెల్లారుజామున దూడ లేచి నిలబడి పాలు తాగుతుంటే అందరూ వీడియో తీస్తుంటారు, నేను మాత్రం రిజిస్టరులో తల్లి పోగు నంబరు పక్కన ‘కోడెదూడ, ఎరుపు, నుదుట తెలుపు’ అని రాసుకుంటుంటాను. నన్ను చూసి నవ్వుతారు. నవ్వనీ.

మందుల బీరువా సంగతి తేల్చేస్తాను. ఆపరేషన్లకి వాడే కెటమైన్ షెడ్యూల్ ఎక్స్ మందు, మత్తుమందుల చట్టం కిందికి కూడా వస్తుంది. దానికి వేరే తాళం, తాళంచెవి డాక్టరుగారి దగ్గర. వయల్ వచ్చిన తేదీ, ఏ జంతువుకి ఎన్ని మిల్లీలీటర్లు, బరువెంత, మిగిలిందెంత, సంతకం. ఖాళీ వయల్ కూడా లెక్కే. ఆస్పత్రి చెత్త 2016 నిబంధనలు పశువైద్యశాలలకీ వర్తిస్తాయి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి తీసుకుని, చెత్త తీసుకెళ్ళే సంస్థతో ఒప్పందం చేసుకోవాలి. సూదులు తెల్ల డబ్బాలో, కోసిన భాగాలు పసుపు సంచిలో. వరండాలో పనిచేసే ఆయమ్మకి ఇవి నేర్పడం, ఆమెకి ముందుగానే రేబిస్ టీకాలు వేయించి కార్డు ఫైల్లో పెట్టడం, ఇదంతా నీ పూచీ. పదిమంది జీతగాళ్ళుంటే ఈఎస్‌ఐ, ఇరవైమంది ఉంటే పీఎఫ్. ‘సేవకి వచ్చినవాళ్ళే కదా’ అంటే లేబరాఫీసు ఒప్పుకోదు.

కుక్కల విషయంలో కాలనీ సంఘం ప్రెసిడెంటు ఫోన్ చేసి ‘మా వీధిలో కుక్కల్ని మీరు పట్టుకుపోండి, విరాళం ఇస్తాం’ అంటాడు. ఆశపడకు. 2023 జంతు జనన నియంత్రణ (ఏబీసీ) నిబంధనల ప్రకారం వీధికుక్కని పట్టి, ఆపరేషన్ చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఆ ఆపరేషన్లు నువ్వే చేయాలంటే జంతు సంక్షేమ బోర్డు ఇచ్చే ప్రాజెక్టు గుర్తింపు ఉండాలి. బోర్డంటే 1962 నుంచి ఉన్నదే, రుక్మిణీదేవి అరుండేల్ మొదటి అధ్యక్షురాలు. చెన్నైలో ఉండేది, ఇప్పుడు హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో ఉంది. ఆ గుర్తింపు లేకుండా చేస్తే నీ మంచి పనే నీ మీద కేసు. 2025లో సుప్రీంకోర్టు ఆగస్టు 11న ఢిల్లీ కుక్కలన్నిటినీ షెల్టర్లకి తరలించమంది, 22న దాన్ని మార్చి రేబిస్ ఉన్నవీ మీదపడేవీ తప్ప మిగతావి వదిలేయమంది, నవంబరు 7న బడులు, ఆస్పత్రులు, బస్టాండ్ల లాంటి చోట్ల కుక్కల్ని తిరిగి అక్కడ వదలొద్దంది. ఇలా మూడు నెలల్లో మూడు మాటలు. అందుకే మున్సిపాలిటీ వాళ్ళు కుక్కల్ని తెస్తే నోటి మాట మీద తీసుకోకు. ఏ ఆర్డరు కింద తెచ్చారో, వాటి తిండి ఖర్చు ఎవరిదో లెటర్ అడుగు.

పంజరంలో రామచిలుకనో, నక్షత్ర తాబేలునో ఎవరైనా తెచ్చిస్తే ముచ్చటపడి ఉంచుకోకు. అవి 1972 వన్యప్రాణి చట్టం కిందికి వస్తాయి. చేతికి వచ్చిన 48 గంటల్లో పోలీసులకో అటవీ అధికారులకో తెలియజేయాలి. ప్రథమచికిత్స చేసి, అప్పగించి, రసీదు తీసుకో.

ఇంట్లో పెంచుకున్న కుక్కని వదిలేయడానికి వచ్చేవాళ్ళు మాత్రం రకరకాలు. ‘పాప పుట్టింది, ఇల్లు మారాం, అమెరికా వెళ్తున్నాం.’ తిట్టకు, తిడితే గేటు బయట కట్టేసి పోతారు. ‘నా ఇష్టంతో హక్కు వదులుకుంటున్నాను’ అని సరెండర్ ఫారం మీద సంతకం, ఐడీ కాపీ, టీకాల పుస్తకం, ఎవర్నైనా కరిచిందా అన్న ప్రశ్నకి జవాబు, ఈ నాలుగూ లేకుండా లోపలికి తీసుకోకు. ఏడాది తర్వాత వచ్చి నా కుక్క నాకిమ్మని గొడవ చేసేవాళ్ళుంటారు, అప్పటికది ఇంకో ఇంట్లో సోఫా మీద నిద్రపోతుంటుంది.

అన్నట్టు, మన హైదరాబాద్‌లో 1992లో అక్కినేని అమల మొదలుపెట్టిన బ్లూ క్రాస్ ఇన్నేళ్ళు నడిచిందంటే, సినిమా పేరు ఒక్కటే నడిపించలేదు. కమిటీ, సిబ్బంది, లెక్కలు ఉండబట్టే కదా. నీకు సినిమా పేరు కూడా లేదాయె, నీకు ఇవింకా ఎక్కువ కావాలి.

కాబట్టి ఇప్పటికి నువ్వు చేయాల్సింది ఒకటే. బ్యాంకు ఖాతాలో నీతో పాటు సంతకం పెట్టే రెండో మనిషెవరో తేల్చుకో. ఇంట్లో మనిషి వద్దు. నీకు జ్వరమొచ్చినా, నువ్వు అలిగినా, మీ ఆయనకి బదిలీ అయినా గడ్డి బండికి డబ్బులిచ్చే మనిషై ఉండాలి, నీ మీద అభిమానం ఉన్నా నీ లెక్కలు అడిగే ధైర్యమూ ఉండాలి. పేరు చెప్పు, కమిటీ తీర్మానం ఎలా రాయాలో నేను కూర్చుని రాయిస్తాను.